మందుల యాప్ ఫోన్‌లో వేసుకోవాలా? చెన్నైలో తెలుగువాళ్లు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

పెరంబూరులో మాకు ఒక చిన్న గది ఉంది. హెచ్‌ఐవీ మందులు వాడేవాళ్లు, టీబీ కోర్సులో ఉన్నవాళ్లు, ట్రాన్స్‌జెండర్లు, సెక్స్ వర్క్ చేసే ఆడవాళ్లు, మనసు బాగోక డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు వస్తుంటారు. ఎక్కువమంది తెలుగువాళ్లే. కొందరు ఇక్కడే పుట్టి పెరిగారు, కొందరు సూళ్లూరుపేట లోకల్ ఎక్కి వస్తారు. ఒకప్పుడు ప్రశ్నలన్నీ మందుల గురించే ఉండేవి. ఇప్పుడు ఫోన్ తీసి చూపించి "అక్కా, దీన్ని నొక్కమంటున్నారు, నొక్కనా?" అంటున్నారు. రోజూ నోటితో చెప్పేదే ఇక్కడ రాసిపెట్టాం.

యాప్ వేసుకోకపోతే మందు ఇవ్వరా?

ఇస్తారు. హెచ్‌ఐవీ మందులిచ్చే ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్లలో ఉచిత మందులు 2004 ఏప్రిల్ 1న మొదలయ్యాయి. దేశంలో మొట్టమొదట తెరిచిన సెంటర్లలో మన తాంబరం ఛాతీ ఆసుపత్రి ఒకటి. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి ఎంతోమంది అక్కడికి వచ్చేవాళ్లు. మందు ఒక కారణం, తెలిసినవాళ్ల కంట పడకుండా ఉండటం ఇంకో కారణం. అప్పుడు ఎవరి చేతిలోనూ స్మార్ట్‌ఫోన్ లేదు. అయినా మందు అందింది.

సెంటర్‌వాళ్లు తమ కంప్యూటర్‌లో మీ వివరాలు రాసుకుంటారు, అది వేరే సంగతి. మీ ఫోన్‌లో ఏదో దించుకోవడం మాత్రం మందుకు షరతు కాదు. ఎవరైనా షరతు అంటే, "ఆ మాట కాగితం మీద రాసివ్వండి సార్" అని మర్యాదగా అడగండి. మేం చూసినంతవరకు, ఆ మాట వినగానే షరతు కాస్తా సలహా అయిపోతుంది.

ఏ యాప్‌నైనా మేం ముందు ఈ ఒక్క విషయంలోనే చూస్తాం: వద్దన్నవాళ్ల గతి ఏంటి? వాళ్లను క్యూలో వెనక్కి నెట్టే యాప్‌కి ఎన్ని తాళాలు వేసినా మాకు నచ్చదు.

అంటే అసలు యాప్‌లే వద్దంటారా?

అనం. ఓఎంఆర్‌లో నైట్ షిఫ్ట్ చేసే ఒక కుర్రాడు ఉన్నాడు. పగలు నిద్ర, రాత్రి పని, మాత్ర టైము ఎప్పుడూ తప్పేది. రిమైండర్ యాప్ పెట్టుకున్నాక గాడిలో పడ్డాడు. కౌన్సెలర్‌తో వీడియో కాల్ కూడా మేడ మీద వాటర్ ట్యాంక్ పక్కన కూర్చుని మాట్లాడతాడు. అతనికి సొంత ఫోన్ ఉంది, సొంత గది ఉంది, ఫోన్ అడిగేవాళ్లు లేరు. ఆ మూడూ లేనివాళ్ల సంగతే కింద ఎక్కువగా ఉంటుంది.

మా ఇంట్లో ఫోన్ అందరూ వాడతారు. ఏం చెయ్యాలి?

మాకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. పేపర్లలో హ్యాకర్ల గురించి రాస్తారు. మా గదికి వచ్చినవాళ్లలో హ్యాకర్ వల్ల గుట్టు బయటపడినవాళ్లు ఒక్కరూ లేరు. తోడికోడలు, మేనల్లుడు, ఇంటి ఓనరమ్మ, వీళ్ల వల్ల బయటపడినవాళ్లు చాలామంది.

ఒక అక్క ఫోన్‌లో తోడికోడలి కొడుకు గేమ్ ఆడుకుంటున్నాడు. సరిగ్గా రాత్రి 9 గంటలకు స్క్రీన్ పైభాగాన "మీ ఏఆర్‌వీ మాత్ర వేసుకునే సమయం" అని పడింది (ఏఆర్‌వీ అంటే హెచ్‌ఐవీ మందే). కొత్తగా చదవడం వచ్చిన పిల్లాడు, కనపడిందల్లా గట్టిగా చదువుతాడు. "ఏఆర్‌వీ అంటే ఏంటి పెద్దమ్మా?" అన్నాడు. అత్తగారు అక్కడే చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. "బలం మాత్రలు నాన్నా" అని ఈమె సర్దుకుంది గానీ, ఆ రాత్రే యాప్ తీసేసింది. దాంతోపాటు పదకొండు రోజులు మాత్రలూ మానేసింది. మందు గుర్తు చెయ్యడానికి పెట్టిన యాప్ మందునే మాన్పించింది. దాన్ని తయారుచేసినవాళ్లకు ఈ విషయం ఎప్పటికీ తెలియదు. వాళ్ల లెక్కలో ఆమె "వాడటం మానేసిన యూజర్" అంతే.

అందుకని మా సలహాలు ఇవి. ఫోన్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లు అనే చోట, లాక్ స్క్రీన్ మీద విషయం కనపడకుండా చెయ్యొచ్చు. ఆ ఒక్క యాప్ నోటిఫికేషన్లు పూర్తిగా ఆపెయ్యడం ఇంకా మేలు. మాత్ర టైముకి ఫోన్‌లో మామూలు అలారం చాలు, దానికి మీకిష్టమైన పేరు పెట్టుకోండి. అదే అక్క ఇప్పుడు "మోటరు ఆపాలి" అని పెట్టుకుంది. చెన్నైలో రాత్రి 9 గంటలకు మోటరు ఆపే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు.

గూగుల్ అకౌంట్ సంగతి కూడా చూసుకోండి. మీ ఆయన ఫోన్‌లోనూ మీ ఫోన్‌లోనూ ఒకే అకౌంట్ ఉంటే, మీరు దించుకున్న యాప్‌ల జాబితా అక్కడ కనపడుతుంది. రిపోర్టు ఫొటో తీస్తే గ్యాలరీ బ్యాకప్‌లోకి వెళ్లి అక్కడా తేలొచ్చు. ఫోన్ తెరవడానికి ఎవరెవరి వేలిముద్రలు ఎక్కించారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కొత్త ఫోన్ కొన్నరోజు సరదాగా ఎక్కించిన మరిది వేలు ఇంకా అందులోనే ఉంటుంది.

సెంటర్ నుంచి కాల్ వస్తే స్క్రీన్ మీద "హెచ్‌ఐవీ కౌన్సెలర్" అని పడుతోంది. నేను అలా సేవ్ చేసుకోలేదే?

మీరు చేసుకోలేదు, ఇంకెవరో చేసుకున్నారు. కాల్ చేసినవాళ్ల పేరు చూపించే యాప్‌లు జనం తమ ఫోన్లలో ఏ పేరుతో దాచుకున్నారో దాన్ని బట్టి పేరు చూపిస్తాయి. పది మంది పేషెంట్లు ఆ నంబరును అలా దాచుకుంటే, పదకొండో పేషెంటు ఇంట్లో అందరికీ ఆ పేరే కనపడుతుంది. మీ ఫోన్‌లో ఆ నంబరును "టైలర్ సెల్వి" లాంటి పేరుతో సేవ్ చేసుకోండి, మీరు పెట్టిన పేరే కనిపిస్తుంది. కౌన్సెలర్లకు మా మనవి: పని నంబరు ఆ యాప్‌లలో ఏ పేరుతో తిరుగుతోందో నెలకోసారైనా వెతికి చూసుకోండి.

యాప్ ఏమేం అడిగితే అనుమానించాలి?

మాత్ర గుర్తు చెయ్యడానికి మీ కాంటాక్టులు అక్కర్లేదు. లొకేషన్, మైకు కూడా అక్కర్లేదు. అడిగితే "వద్దు" నొక్కండి. వద్దంటే పనే చెయ్యననే యాప్‌ను మీరూ వద్దనుకోండి. ప్లే స్టోర్‌లో యాప్ కింద డేటా సేఫ్టీ అని ఒక భాగం ఉంటుంది, చదవండి. కానీ అక్కడ రాసింది ఆ యాప్‌వాళ్లు తమ గురించి తామే చెప్పుకున్నదని గుర్తుంచుకోండి. పెళ్లిచూపుల్లో అబ్బాయి తరఫువాళ్లు చెప్పే జీతం లాంటిది.

"మీ సమాచారం పూర్తిగా భద్రం" అని రాశారు. నమ్మొచ్చా?

జరిగిన మూడు సంగతులు చెబుతాం.

గ్రైండర్ అనే డేటింగ్ యాప్‌లో పురుషులు తమ హెచ్‌ఐవీ స్థితి, చివరిసారి పరీక్ష చేయించుకున్న తేదీ రాసుకునే వీలుంది. తోటివారికి నిజం చెబుదామని మంచి మనసుతో రాసినవే. ఆ వివరాలు యాప్ పనితీరు కొలిచే రెండు బయటి కంపెనీలకు వెళ్తున్నాయని 2018లో బయటపడింది. బెటర్‌హెల్ప్ అనే మానసిక కౌన్సెలింగ్ సంస్థ వాడుకరుల వివరాలను ప్రకటనల కోసం ఫేస్‌బుక్ లాంటి కంపెనీలకు ఇచ్చిందని అమెరికా ప్రభుత్వ సంస్థ 2023లో ఆరోపించింది. రాజీలో 78 లక్షల డాలర్లు కట్టించింది. ఈ రెండింటిలోనూ ఎవరూ గోడ దూకి దొంగతనం చెయ్యలేదు, తలుపు తీసి ఇచ్చారు.

సింగపూర్‌ది ఇంకోరకం. 2019లో అక్కడి ప్రభుత్వ హెచ్‌ఐవీ రిజిస్టర్ నుంచి 14,200 మంది వివరాలు ఇంటర్నెట్‌లో పడ్డాయి. ఆ రిజిస్టర్ చూసే అధికారం ఉన్న ఒక డాక్టరు సన్నిహితుడి చేతికి చిక్కి బయటికొచ్చాయి. అంత కట్టుదిట్టమైన దేశంలోనే లోపలి మనిషి వల్ల పోయింది.

కాబట్టి ఎంత భద్రంగా దాస్తారని అడిగేకంటే, అసలు ఏం దాస్తున్నారని అడగండి. వాళ్ల దగ్గర లేని వివరం ఎవరికీ దొరకదు.

"నేను అంగీకరిస్తున్నాను" నొక్కేశాను. చదవలేదు. అది చెల్లుతుందా?

చదివినా ఏం అర్థమయ్యేది కాదేమో! చెన్నైలో మాకు చూపించే యాప్‌లలో ఎక్కువ ఇంగ్లీషులో, కొన్ని తమిళంలో ఉంటాయి. తెలుగు ఉన్నచోట అది యంత్రం చేసిన తెలుగు. ఒక దాంట్లో "మీరు సానుకూలంగా ఉన్నారా?" అని ఉంది. పాజిటివా అని అడగడం వాళ్ల ఉద్దేశం. ఒక పెద్దావిడ "ఉన్నాను తల్లీ, దేవుడి దయ" అని అవును నొక్కింది. ఆమె పరీక్షే చేయించుకోలేదు. ఇంకో ప్రశ్న "మీ భాగస్వామికి తెలుసా?" దానికి ఒకాయన "మాకు వ్యాపారం లేదమ్మా" అన్నాడు. నవ్వుకున్నాం గానీ, ఆ అవును అనే గుర్తు ఎక్కడో ఒక సర్వర్‌లో ఆ పెద్దావిడ పేరు పక్కన నిలిచిపోయింది.

ఒప్పుకోలు అనేది ఈ ఊళ్లో పాత సమస్యే. దేశంలో తొలి హెచ్‌ఐవీ కేసులు బయటపడింది ఇక్కడే, 1986లో. మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సోలమన్ విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల రక్తం నమూనాలు సేకరించారు. ఆరుగురు సెక్స్ వర్కర్లకు పాజిటివ్ వచ్చింది. వాళ్లను పట్టుకొచ్చి ప్రభుత్వ హోంలో ఉంచిన రోజులవి. ఆ రక్తం దేనికో వాళ్లకు చెప్పలేదు, సుఖవ్యాధుల పరీక్ష అనుకున్నారు. సునీతి సోలమన్ ఆ తర్వాత జీవితమంతా ఈ పేషెంట్ల కోసమే పనిచేశారు, ఆమె మీద మాకు గౌరవమే. కానీ మొదటి అడుగు అడగకుండా పడిందన్నది నిజం. బటన్ నొక్కించుకుని "అడిగాం కదా" అనేవాళ్లు అక్కడి నుంచి ఎంత దూరం వచ్చారో ఆలోచించుకోవాలి.

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం ఆ నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో దేంట్లోనైనా గానీ చదువుకునే వీలు మీకు ఇవ్వాలి. తెలుగు అందులో ఉంది. ఇచ్చినంత తేలిగ్గా ఒప్పుకోలు వెనక్కి తీసుకునే వీలు కూడా ఉండాలి. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు.

చట్టం మన వైపే ఉందన్నమాట?

చాలావరకు. 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. మీకు వివరించి, మీ అనుమతి తీసుకోకుండా మీ స్థితిని బయటపెట్టకూడదని చెబుతుంది. హెచ్‌ఐవీ వివరాలు ఉంచుకునే సంస్థలు వాటిని కాపాడే ఏర్పాట్లు చెయ్యాలంటుంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులతో తీర్పిచ్చింది. ఆ కేసు వేసిన పుట్టస్వామిగారు కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి.

మాకు నచ్చనిది ఒకటుంది. 2011 నాటి ఐటీ నియమాల్లో ఆరోగ్యం, లైంగికతకు సంబంధించిన వివరాలను సున్నితమైనవిగా వేరుచేసి చూపించారు. 2023 చట్టంలో ఆ వేరు లేదు. మీ చెప్పుల సైజు, మీ వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే అంకె), రెండూ ఒకటే రకం డేటా అన్నమాట. ఇది సరికాదని మా అభిప్రాయం.

నేను తిరునంగైని (ట్రాన్స్ మహిళని). యాప్‌లో ఆధార్ పేరే అడుగుతోంది.

ఈ బాధ మా గదిలో వారానికోసారి వింటాం. ఫారంలో ఆడ, మగ తర్వాత అట్టడుగున "ఇతరులు". యాప్‌లో పాత పేరు ఎక్కిస్తే ఆసుపత్రి టోకెన్ బోర్డు మీద ఆ పేరే వెలుగుతుంది, మైకులో ఆ పేరే పిలుస్తారు, చీర కట్టుకున్న మనిషి లేచి నిలబడాలి. హాలంతా తిరిగి చూస్తుంది. ఒక చెల్లి అలా రెండుసార్లు లేచి, మూడోసారి లేవకుండా వెళ్లిపోయింది.

ఎవరి జెండర్ ఏంటో చెప్పుకునే హక్కు వాళ్లదేనని సుప్రీంకోర్టు 2014లో నల్సా తీర్పులో చెప్పింది. పిలిచే పేరుకి ఒక గడి విడిగా పెట్టడం యాప్ చేసేవాళ్లకు ఒక పూట పని. ఆధార్ అడగని చోట మీకు నచ్చిన పేరే రాయండి. అడిగిన చోట "పిలిచేటప్పుడు టోకెన్ నంబరు మాత్రమే పిలవండి" అని ముందే చెప్పి పెట్టుకోండి.

మా ఏరియాను మ్యాప్‌లో పెడతామని ఎన్‌జీఓవాళ్లు అంటున్నారు.

వద్దు. కండోమ్‌లు, పరీక్షలు అందించడానికి ఎక్కడ ఎంతమంది ఉన్నారో తెలియాలి, నిజమే. దానికి ఏరియా పేరు, ఒక అంకె చాలు. ఏ మూల, ఏ టైము అని చుక్క పెట్టిన మ్యాప్ రేపు పోలీసు చేతికో రౌడీ చేతికో వెళ్తే పని చేసుకోనివ్వరు. 2022 మేలో సుప్రీంకోర్టు సెక్స్ వర్కర్లకు ఆధార్ ఇవ్వమంటూ, ఆ కార్డులో వాళ్ల వృత్తి తెలిసేలా ఏ కోడూ ఉండకూడదని కూడా చెప్పింది. ఎన్‌జీఓ యాప్‌కి కూడా అదే కొలత పెట్టాలి.

టీబీకి రోజూ నిఘా పెడతారట?

టీబీ కేసు ప్రభుత్వానికి తెలియజేయడం 2012 నుంచి తప్పనిసరి, నిక్షయ్ అనే ప్రభుత్వ టీబీ రిజిస్టర్‌లో మీ పేరు ఎక్కుతుంది. అది మీ చేతిలో లేదు. మాత్ర వేసుకున్నారో లేదో చూడటానికి 99డాట్స్ అని ఒక పద్ధతి వచ్చింది, బెంగళూరులో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో పుట్టింది. మాత్రల అట్ట వెనక నంబరు దాగుంటుంది, మాత్ర తీస్తే కనపడుతుంది, దానికి మిస్డ్ కాల్ ఇవ్వాలి. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, ఫోన్‌లో యాప్ గుర్తు ఉండదు. మాకు ఆ ఆలోచన నచ్చింది. చిక్కల్లా కాల్ రానప్పుడే. కాల్ రాలేదని ఆరోగ్య కార్యకర్త ఇంటికి వస్తే, వరుస ఇళ్ల కాంపౌండులో అందరికీ తెలిసిపోతుంది. మొదటిరోజే అడిగి చెప్పండి: "ఇంటికి రావద్దు, ముందు ఫోన్ చెయ్యండి."

మా అమ్మాయికి పదహారు. డిప్రెషన్ యాప్ వాడొచ్చా?

కొత్త డేటా చట్టంలోని ముఖ్య బాధ్యతలు అమల్లోకి వచ్చాక, 18 ఏళ్ల లోపువారికి యాప్‌లు మామూలుగా తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి, ఆసుపత్రులకు, డాక్టర్లకు మాత్రం మినహాయింపు ఉంది. మీరే అడుగుతున్నారు కాబట్టి మీకు ఇబ్బంది లేదు. ఇంట్లో చెప్పుకోలేకే యాప్ వెతుక్కునే పిల్లల మాటేంటో చట్టం ఆలోచించినట్టు లేదు. వాళ్లకు మేం ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఇస్తాం, తెలుగులోనూ మాట్లాడతారు.

వాట్సాప్ గ్రూపులో చేర్చారు. ఫర్వాలేదా?

బయటికి వచ్చెయ్యండి. గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనపడతాయి. మీ ప్రొఫైల్ ఫొటోలో మీ పిల్లలు ఉంటారు. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పెడితే ఒకరికొకరు కనపడరు, నిర్వాహకులను అలా మార్చమనండి.

రీసెర్చ్ కోసం యాప్ వాడితే రీఛార్జి చేయిస్తామన్నారు.

పాల్గొనడం తప్పు కాదు. వైద్య పరిశోధనలు చూసే ప్రభుత్వ సంస్థ ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉండాలి, ఆ కాగితం చూపించమని అడగండి. మధ్యలో మానేసే హక్కు మీకుంది, మానేసినా మీ చికిత్సలో తేడా రాకూడదు. చదువు పూర్తయ్యాక ఆ పీహెచ్‌డీ బాబు వెళ్లిపోతాడు, మీ వివరాలు ఎవరి లాప్‌టాప్‌లో మిగులుతాయో కూడా అడగండి. ఎక్కువమంది దగ్గర దీనికి జవాబు ఉండదు.

మేం యాప్ చేస్తున్నాం. మీరేం చెబుతారు?

యాప్ పేరులో, బొమ్మలో జబ్బు కనపడనివ్వకండి. ఎర్ర రిబ్బన్ మీకు అందంగా ఉంటుంది, మా అక్కకు ప్రాణం మీదికొస్తుంది. పేరు, పుట్టినతేదీ లేకుండా వాడే వీలు పెట్టండి. ఓటీపీ మెసేజీలో సంస్థ పేరు ఎలా పడుతుందో చూసుకోండి. ఒక్క నొక్కుతో వేరే స్క్రీన్‌కి మారే బటన్ పెట్టండి. ప్రకటనల కంపెనీల కోడ్ ఒక్క ముక్క కూడా పెట్టకండి, ఉచితంగా వచ్చినా సరే. విడుదల చేసేముందు మా గదికి తెచ్చి, కూర్చుని, మాట్లాడకుండా చూడండి. వాళ్లు ఎక్కడ ఆగి చుట్టూ చూస్తారో అక్కడ మీ తప్పుంది. వచ్చినవాళ్లకు ఆ రోజు కూలి ఇవ్వండి, టీ బిస్కెట్లతో సరిపెట్టకండి.

యాప్ తీసేశాను. నా వివరాలు పోయినట్టేనా?

పోలేదు. ఫోన్‌లోంచి తీస్తే ఫోన్‌లోంచే పోతుంది. ముందు యాప్ లోపల అకౌంట్ డిలీట్ చెయ్యండి, ఆ తర్వాత యాప్ తియ్యండి. ఇప్పటికే తీసేసి ఉంటే ప్లే స్టోర్ పేజీలో డేటా సేఫ్టీ భాగంలో డిలీట్ అడిగే లింకు ఉందేమో చూడండి.

అందరికీ తెలిసిపోయింది. ఇప్పుడేం చెయ్యను?

ముందు మందు ఆపకండి. స్క్రీన్‌షాట్లు, తేదీలు రాసి ఉంచుకోండి. బయటపెట్టింది ఆసుపత్రో, ఆఫీసో అయితే అక్కడ ఫిర్యాదుల అధికారి ఉండాలి. వంద మంది గానీ అంతకు మించి గానీ ఉన్న సంస్థల్లో, ఆసుపత్రులైతే ఇరవై మంది గానీ అంతకు మించి గానీ ఉన్నచోట హెచ్‌ఐవీ చట్టం ఆ అధికారిని తప్పనిసరి చేసింది. చికిత్స దగ్గర చట్టాన్ని మీరితే ఇలాంటి ఫిర్యాదులు విచారించే రాష్ట్ర అధికారికి, అంటే అంబుడ్స్‌మన్‌కు, ఫిర్యాదు చెయ్యొచ్చు, 30 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. కోర్టుకు వెళ్లాల్సి వస్తే మారుపేరుతో కేసు నడపమని అడగొచ్చు. కేసు అంటే మళ్లీ అందరికీ తెలుస్తుందని ఆగిపోయేవాళ్లే ఎక్కువ, అందుకే ఈ సంగతి గట్టిగా చెబుతున్నాం.

మీ గదికి రాలేను. ఎవరితో మాట్లాడను?

హెచ్‌ఐవీ గురించైతే 1097, డబ్బు పడదు. పేరు చెప్పక్కర్లేదు. మాట్లాడటం అయ్యాక కాల్ లిస్టులోంచి ఆ నంబరు తీసెయ్యండి. ఫోన్ ఇంట్లో అందరిదీ అయితే మరీ ముఖ్యంగా.